అంపైరుగారి అగ్గిపుల్ల

మా సైనిక్‌పురిలో చెట్లకు కొదవలేదు. చలికాలం వచ్చిందంటే రాలిన ఆకులకూ కొదవలేదు. ఆ ఆదివారం పొద్దున్నే గేటు ముందు ఆకులన్నీ ఊడ్చి, కుప్పచేసి, అగ్గిపుల్ల గీసి, వాకిలి శుభ్రమైందన్న తృప్తితో ఎదుటి ఖాళీ స్థలంలో పిల్లల క్రికెట్‌కు అంపైరుగా వెళ్లాను.

అది వారం వారం నాకు దక్కే పదవి. బంతి పక్కింట్లో పడితే ఆట ఆపుతాను. వాన వస్తే ఆపుతాను. ఆవేళ ఒక కుర్రాడు బంతి వెయ్యడానికి పరుగెత్తుకొస్తూ, మధ్యలో ఆగి, దగ్గుతో వంగిపోయాడు.

"ఆపుదామా బాబూ?" అన్నాను.

"ఏం లేదంకుల్, ఇంకొక్క ఓవరే!" అన్నాడు.

ఆటగాడి నోట "ఇక చాలు" అన్నమాట అంత తేలిగ్గా రాదు. వచ్చినా మనం విననివ్వం. 2017 డిసెంబరులో ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లా మైదానంలో శ్రీలంక ఆటగాళ్లు మాస్కులు కట్టుకుని టెస్టు మ్యాచి ఆడారు. గాలి బాగాలేదన్నారు. ఆట పలుమార్లు ఆగింది. జనం గేలిచేశారు. 20 వేల మంది ప్రేక్షకులకు లేని బాధ వీళ్లకెందుకని పెద్దలూ అడిగారు. టీవీ ముందు కూర్చుని నేనూ నవ్వాను. రెండు రోజుల తర్వాత అదే మైదానంలో శ్రీలంక బౌలర్ లక్మలే కాదు, మన షమీ కూడా వాంతి చేసుకున్నాడు. నా నవ్వు అక్కడితో సరి.

కూర్చున్నవాడూ పరుగెత్తేవాడూ ఒకటెలా అవుతారు? ఊరికే కూర్చున్నవాడు నిమిషానికి 6, 7 లీటర్ల గాలి పీలిస్తే, ఒళ్లు దాచుకోకుండా ఆడేవాడు అంతకు పదింతలు పీలుస్తాడు. అదీ నోటితో. ముక్కు వడపోసే దుమ్మంతా తిన్నగా లోపలికే. అందుకే "చాలు" అనే బరువు ఆడేవాడి మీద పెట్టకూడదు, చూసేవాడు మొయ్యాలి.

ఇంత ధర్మం ఆలోచించి, చెయ్యెత్తి ఆట ఆపేశాను. అంతటితో ఊరుకోక, "ఎవరయ్యా ఈ పొగ పెట్టింది? బుద్ధుండక్కర్లా?" అని గట్టిగా అన్నాను.

పిల్లలందరూ ఒక్కసారిగా మా గేటు వైపు చూశారు.

అప్పీలు లేకుండానే అవుటయ్యాను. బకెట్టు నీళ్లు తెచ్చి కుప్ప ఆర్పాను. ఆట ఆపడం అంపైరు ధర్మమే గానీ, ఆపే అవసరం రాకుండా చూసుకోవడం ఇంటాయన ధర్మం. మొదటిదానికి చెయ్యెత్తితే చాలు. రెండోదానికి చెయ్యి కట్టేసుకోవాలి.

ఇప్పుడు ఆకులు పెరట్లో గుంటలో ఎరువవుతున్నాయి. నా పదవీ పోలేదు. కాకపోతే టాస్ వెయ్యబోయే ముందు పిల్లలు ఒకసారి మా గేటు వైపు చూసుకుంటున్నారు. పిచ్ పరీక్ష అంటే అదే కాబోలు!