ఆరవ నెలలో వచ్చిన చుట్టము

వాక్యభాగము: లూకా 1:5–25, 39–58



మన గ్రామములలో పెండ్లియై రెండు మూడేండ్లు గడచినను కోడలి కడుపు పండనియెడల మాటలు మొదలగును. పదేండ్లు గడచినచో ఆమె పేరే మరచిపోయి మరియొక పేరుతో పిలుతురు. శుభకార్యములో ఆమె ముందు నిలువరాదు. పొరుగింటి పసిబిడ్డను ఎత్తుకొనరాదు. ఒకవేళ 40 ఏండ్లు దాటిన తరువాత ఆమె గర్భవతియైనచో నోళ్లు ఊరకుండునా? “కూతురికి పురుడు పోయవలసిన యీడున తనకే పురుడా!” అని నవ్వుదురు. లేనందుకు ఒక నింద, కలిగినందుకు మరియొక నింద. ఈ మాటలు సంఘము వెలుపలివారే అనుచున్నారా? ఆదివారము మనతో కూడ కీర్తన పాడు నోళ్లును అనుచున్నవి. మనలను మనమే పరీక్షించుకొందము.

ఎలీసబెతు సంగతి ధ్యానింతము. ఆమె అహరోను వంశపు ఆడపడుచు, యాజకుడైన జెకర్యా భార్య. ఆమెకు బిడ్డలు లేరని లూకా 7వ వచనములో చెప్పుచున్నాడు. అయితే అంతకు ముందే, 6వ వచనములో, ఆ దంపతులిద్దరును దేవుని యెదుట నీతిమంతులని వ్రాసియున్నాడు. ఈ వరుసను గమనించుడి. ఆమె లేమి ఆమె పాపమునకు శిక్ష కాదు. లోపము ఎల్లప్పుడును స్త్రీదే అనుటయు సత్యము కాదు. అది భర్తయందును ఉండవచ్చునని వైద్యులు చెప్పుచున్నారు.

గర్భవతియైన పిమ్మట ఎలీసబెతు అయిదు నెలలు నలుగురిలోనికి రాలేదు. ప్రభువు తన నిందను తొలగించెనని ఆమె పలికిన మాటను బట్టి, ఆ నింద ఎన్నేండ్లు ఆమె గుండెను కోసినదో మనకు తెలియుచున్నది. ఇంటిలో భర్త మూగవాడైయుండెను. అట్టి సమయమున, ఆరవ నెలలో, నజరేతునుండి మరియ త్వరపడి యూదా కొండసీమకు వచ్చినది. వయస్సు గూర్చి అడుగలేదు, నవ్వలేదు, వందనము చేసినది. చూచి వెళ్లిపోక ఇంచుమించు మూడు నెలలు ఆ యింటనే ఉన్నది. కానుపు వేళకు పొరుగువారును బంధువులును కలిసి సంతోషించిరి. సంఘము చేయవలసిన పని ఇదియే.

శారాకు 90 ఏండ్ల వయస్సున ఇస్సాకు పుట్టెను. ఆ పేరునకు నవ్వు అని అర్థము. దేవుడిచ్చిన నవ్వు ఆమెకు సంతోషమైనది. మన నవ్వు ఆమెవంటివారికి ముల్లు కారాదు.

అయితే ప్రార్థించిన ప్రతి స్త్రీకిని బిడ్డ కలుగునని మనము మాట ఇయ్యరాదు. వాక్యము అట్లు చెప్పుటలేదు. యెషయా 56వ అధ్యాయములో దేవుడు నపుంసకులకును తన మందిరములో స్థలమును, బిడ్డలకంటె మేలైన పేరును వాగ్దానము చేసెను. బిడ్డలేని సహోదరి విశ్వాసములో తక్కువైనది కాదు.

ఎలీసబెతు కథ వ్రాసిన లూకా వైద్యుడు గదా! కావున వైద్యము చేయించుకొనుట అవిశ్వాసమని ఎవరును తలంపకూడదు. 35 ఏండ్లు దాటిన గర్భవతికి రక్తపోటు, చక్కెర వ్యాధి, గర్భస్రావము కలుగు భయము ఎక్కువ. సిగ్గుపడి దాచుకొనక మొదటి నెలలలోనే పరీక్ష చేయించుకొనవలెను. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రులలో గర్భిణులకు ఉచితముగా పరీక్షలు చేయుదురు. కానుపు ఆసుపత్రిలోనే జరుగవలెను.

ప్రియులారా, మన పేటలో అట్టి సహోదరి ఉన్నదా? ఈ వారమే ఆమె యింటికి వెళ్లుదము. కడవెడు నీళ్లు తెచ్చి పెట్టుదము. ఆసుపత్రికి తోడు పోదము. ఏమియు చేయలేనియెడల, నోటికి కాపు పెట్టుకొని ఆమె ప్రక్కన కూర్చుందము.

ప్రార్థన: దయగల తండ్రీ, మా మాటలవలన గాయపడిన సహోదరీలను ఆదరించుము. మా నోళ్లను శుద్ధిచేసి, మరియవలె త్వరపడి వెళ్లు పాదములను మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.