కొంచెం కొంచెంగా



ఐగుప్తు దాస్యం నుండి విడిపించిన ప్రజలకు దేవుడు కనాను దేశాన్ని వాగ్దానం చేశాడు. తలచుకుంటే ఒక్క రాత్రిలోనే ఆ దేశాన్ని వారికి అప్పగించగలిగిన వాడు. కాని శత్రువులను ఒక్క ఏడాదిలో వెళ్ళగొట్టననీ, ప్రజలు పెరిగేకొద్దీ కొంచెం కొంచెంగా వెళ్ళగొడతాననీ చెప్పాడు. కారణం కూడా ఆయనే చెప్పాడు. దేశం ఒక్కసారిగా ఖాళీ అయితే భూములు బీడు పడతాయి, అడవి మృగాలు పెరిగిపోతాయి (నిర్గమ 23:29-30). సర్వశక్తిమంతుడే తొందరపడనప్పుడు, మన ఇంటిని బాగుచేసుకొనే పనిలో మనకు ఇంత తొందర ఎందుకు?

నేడు చాలా ఇళ్ళలో జరుగుతున్నది చూడండి. ఇంట్లో ఒకరికి షుగరు బయటపడుతుంది. ఆ రాత్రే ఫోనులో ఎవరిదో ప్రసంగం వింటారు. తెల్లవారేసరికి అన్నం మానేయాలి, పంచదార పారేయాలి. కొర్రలు, అండుకొర్రలు, గానుగ నూనె, మట్టికుండలు, రాగిబిందె అన్నీ ఒకేసారి దిగుతాయి. రెండు వారాలు తిరగకుండానే పిల్లలు అలుగుతారు, తల్లి అలసిపోతుంది, డబ్బు కరిగిపోతుంది. మూడవ ఆదివారానికి బిర్యానీ, కూల్‌డ్రింకు రెట్టింపుగా తిరిగి వస్తాయి. “ఇవన్నీ మనవల్ల కావులే” అనే నిరాశ ఇంట్లో స్థిరపడుతుంది. పెట్టిన ఖర్చుకంటె ఈ నిరాశే పెద్ద నష్టం. ఖాళీ చేసిన పొలంలో మృగాలు చేరడమంటే ఇదే కదా!

సద్గుణమంటే ఒకనాటి ఆవేశం కాదనీ, మళ్ళీ మళ్ళీ చేయడం వలన మనిషిలో స్థిరపడిన అలవాటనీ పునీత తోమాసు అక్వీనాసు వారు బోధించారు. మన నాలుకకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. ఉప్పు ఒక్కసారిగా తగ్గిస్తే కూర చప్పగా ఉందని గొడవ. చిటికెడు చిటికెడుగా తగ్గిస్తే కొన్ని వారాల్లో నాలుకే సర్దుకుంటుంది.

దానియేలు ప్రవక్తను చూడండి. రాజు పెట్టే భోజనంతో తనను మలినపరచుకోరాదని ఆయన నిశ్చయించుకున్నాడు. అయినా పళ్ళెం తోసివేయలేదు, రాజభవనాన్ని నిందించలేదు. శాకాహారం, మంచినీరు ఇచ్చి పది రోజులు పరీక్షించి చూడమని పర్యవేక్షకుణ్ణి వినయంగా అడిగాడు (దానియేలు 1:8-16). ఆయన ఎంచుకొన్నది ఒక్క మార్పు. దానికి ఒక గడువు పెట్టుకున్నాడు. ముగ్గురు స్నేహితులను కలుపుకున్నాడు. మన కుటుంబాలకు ఇంతకంటె మంచి పద్ధతి ఏముంది?

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు మనిషికి రోజుకు 5 గ్రాముల ఉప్పు మించరాదని చెబుతున్నాయి. అంటే సుమారు ఒక చెంచాడు. కూరలో వేసేదే కాదు, ఆవకాయలోది, అప్పడంలోది, మిక్చరులోది అన్నీ కలిపి ఆ ఒక్క చెంచా! కాబట్టి ఈ నెల పెరుగన్నంలో ఉప్పు కలపడం మానండి, అంతే. వచ్చే నెల, వేయించిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచి వాడడం మానండి. ఆ తర్వాత కంచంలో ఒక గరిటె అన్నం తగ్గించి, ఒక గరిటె ఆకుకూర పెంచండి. పగిలిన బకెట్టులో మట్టి పోసి తోటకూర విత్తనాలు చల్లండి. బియ్యం కడిగిన నీళ్ళు దానికే పోయండి. దోమల చుట్ట పొగకు బదులు దోమతెర కట్టండి. రాత్రి భోజనాల వేళ ఫోనులన్నీ ఒక అలమరలో పెట్టి, జపమాల ముగిశాకనే తీయండి. వీటిలో ఏదీ ఖరీదైనది కాదు. సహజమైన జీవితం డబ్బున్నవారి వేడుక కాకూడదు.

ఇంత చిన్న పనులతో ఏమవుతుందని అనవచ్చు. 2015లో ఫ్రాన్సిస్ పోపుగారు వెలువరించిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో ఇటువంటి పనులనే పేర్కొన్నారు. తినేంత మాత్రమే వండుకోవడం, నీటిని పొదుపుగా వాడడం, చెత్తను వేరు చేయడం, చెట్లు నాటడం వంటి అనుదిన కార్యాలకు ఎంతో విలువ ఉన్నదని బోధించారు. చిన్న పనులను గొప్ప ప్రేమతో చేసిన పునీత చిన్న తెరేజమ్మ గారి మార్గాన్ని కూడా అందులో గుర్తు చేశారు.

ఇక్కడ మూడు హెచ్చరికలు చేయవలసి ఉంది. మొదటిది, ఈ మార్పుల భారమంతా తల్లి వీపు మీద వేయకండి. కొర్రలు కడిగి నానబెట్టేదీ, ఆకుకూర ఒలిచేదీ, రోట్లో నూరేదీ ఆమే అయితే, మన ఆరోగ్యం కోసం ఆమె ఆరోగ్యాన్ని ఖర్చు పెట్టినట్లే. తండ్రులారా, కత్తిపీట ముందు మీరూ కూర్చోండి. కుమారులారా, తిన్న కంచాలు మీరే కడగండి. రెండవది, సహజ వైద్యమనీ, విశ్వాసమనీ చెప్పి డాక్టరుగారు రాసిన మాత్రలు మానకండి. వైద్యుణ్ణి గౌరవించమనీ, ఆయనను కూడా దేవుడే సృష్టించాడనీ సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం బోధిస్తున్నది. మూడవది, మనం మారామని పొరుగువారి కంచంలోకి తొంగి చూసి తీర్పు తీర్చకండి. పేదవాడు ప్రేమతో పెట్టిన ముద్దను కాదనే ఆరోగ్యం మనకు వద్దు.

విచారణ కూడా ఒక పెద్ద కుటుంబమే. పలుచని ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్ల వాడకాన్ని ప్రభుత్వం 2022 జూలై 1 నుండి నిషేధించింది. మన గుడి పండుగలో స్టీలు గ్లాసులు, విస్తరాకులు వాడితే, అవి కడిగి సర్దడానికి యువకులు ముందుకు వస్తే, పిల్లలకు అదే మంచి జ్ఞానోపదేశం.

ఒక స్త్రీ మూడు కుంచాల పిండిలో కలిపిన పులిపిండిని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానం మీకు తెలిసినదే (మత్తయి 13:33). పులియడానికి సమయం పడుతుంది. మూత తీసి మాటిమాటికీ చూసినంత మాత్రాన త్వరగా పులియదు. ఈ ఆదివారం సాయంకాల ప్రార్థన ముగిశాక ఇంటిల్లిపాదీ కూర్చొని, పసిపిల్లల మాట కూడా విని, ఒక్క మార్పును ఎంచుకోండి. పది రోజులు చేసి చూడండి. నిలిస్తే దేవునికి వందనాలు చెప్పి కొనసాగించండి. నిలువకపోతే ఎవరినీ నిందించక, అంతకంటె చిన్నదాన్ని ఎంచుకోండి. ఏడాదిలో మూడో నాలుగో నిలిచినా మీ గృహ శ్రీసభ ఎంతో ముందుకు సాగినట్లే.

నజరేతులోని పేద ఇంటిలో శ్రమించి, వండుకొని, కలసి భుజించిన తిరుకుటుంబం మీ ఇంటికి తోడుగా ఉండును గాక!