ఇంట్లో మన నోరు

ధ్యాన భాగం: సామెతలు 31:1–31, 1 సమూయేలు 25:2–38
ముఖ్య వచనం: సామెతలు 31:26

మన సంఘాల్లో సామెతలు 31వ అధ్యాయం చదవని పెళ్ళి ఆరాధన అరుదు. మదర్స్ డే ఆదివారం వచ్చినా, స్త్రీల కూడికకు కొత్త కోడలు వచ్చినా ఆ గుణవతినే మళ్ళీ తలుచుకుంటాం. చీకటితోనే లేస్తుంది, ఇంటిల్లిపాదికీ తిండి చూస్తుంది, ఉన్ని, నార తెచ్చి వడుకుతుంది, పొలం బేరమాడి కొంటుంది, ద్రాక్షతోట వేయిస్తుంది, నడికట్లు వర్తకులకు అమ్ముతుంది. రాత్రి ఆమె దీపం ఆరదు. ఆమె గురించిన ప్రసంగం విని ఇంటికొచ్చే ఆడవాళ్ళలో చాలామందికి మిగిలేది ఉత్సాహం కాదు, నీరసం. తెల్లవారుజామునే లేచి మోటారు వేసి, కుక్కర్ ఎక్కించి, పిల్లల టిఫిన్ బాక్సులు సర్ది, ఆఫీసుకో ఆస్పత్రి డ్యూటీకో వరినాట్లకో పరుగెత్తే మనిషిని ఇంకా పెందలాడే లేవమంటే ఎక్కడని లేస్తుంది?

గుణవతిని గురించిన ఆ భాగం ఒక రోజు పని పట్టిక కాదు. హీబ్రూ అక్షరమాలలోని 22 అక్షరాల వరుసలో, అక్షరానికొక వచనంగా నడిచే పద్యం అది. అందులో ఉన్నది ఒక స్త్రీ నిండు జీవితం. పిల్లలు లేచి ఆమెను ధన్యురాలు అనే చోటికి వచ్చేసరికి వాళ్ళు తల్లి విలువ తెలిసినంత పెద్దవాళ్ళయ్యారు. అంటే మధ్యలో ఎన్నో ఏళ్ళు గడిచాయి. ఇంకో సంగతి: 15వ వచనంలో ఆమె ఇంట్లో పనికత్తెలున్నారు. ఈ అధ్యాయాన్ని భార్యకు చదివి వినిపించే భర్తలు ఆ వచనం దగ్గర గొంతు కాస్త తగ్గిస్తారని నా అనుమానం.

పనుల సందడిలో మనం ఆగకుండా దాటిపోయే వచనం ఒకటుంది. 26వది. అక్కడ ఆమె చేతులు కనబడవు, నోరు కనబడుతుంది. ఆ నోరు తెరిస్తే జ్ఞానం వస్తుందని, ఆమె నాలుక మీద దయతో కూడిన బోధ ఉంటుందని దాని భావం. పద్యం పొడవునా ఆమె చేతుల కష్టం చెప్పిన కవి ఆమె మాటల గురించి చెప్పింది ఈ ఒక్క వచనమే. కానీ ఇంట్లో ఉన్నవాళ్ళను అడిగి చూడండి. అమ్మ వండిన కూరల్లో ఏది ఎప్పుడు వండిందో పిల్లలకు గుర్తుండదు. పదో తరగతి మార్కుల జాబితా తెచ్చిన రోజు అమ్మ ఏమందో నలభై ఏళ్ళు దాటినా గుర్తుంటుంది.

ఈ అధ్యాయం అసలు మొదలయ్యేదే ఒక తల్లి మాటలతో. రాజైన లెమూయేలుకు అతని తల్లి చెప్పిన బుద్ధులవి. స్త్రీల వెంట పడి నీ బలం పోగొట్టుకోకు, ద్రాక్షారసం మత్తులో పడి బీదవాళ్ళకు అన్యాయం చేయకు అంటుంది. 8, 9 వచనాల్లో నోరు లేనివాళ్ళ పక్షాన నువ్వు నోరు తెరువు, దీనులకూ దరిద్రులకూ న్యాయం జరిగేలా చూడు అని రెండుసార్లు ఒత్తి చెబుతుంది. ఇక గుణవతి దగ్గరికి రండి. 20వ వచనంలో ఆమె చేయి చాపింది ఆ దీనులకూ దరిద్రులకే. 26లో ఆమె కూడా నోరు తెరిచింది. సింహాసనం మీద కూర్చున్న కొడుక్కి ఆ తల్లి ఏ పని అప్పగించిందో, ఈ ఇల్లాలు తన గడప లోపల ఆ పనే చేస్తోంది. ఇంటి మాటను బైబిల్ చిన్న సంగతిగా చూడలేదు. న్యాయపీఠం మీద రాజు నోటికి ఉన్నంత బరువు ఇంట్లో ఆమె నోటికీ ఇచ్చింది.

అలాంటి నోరు ఎలా ఉంటుందో చూడాలంటే సమూయేలు మొదటి గ్రంథం 25వ అధ్యాయంలో అబీగయీలు ఇంటికి వెళ్ళాలి. భర్త నాబాలు మాయోనులో ఉండేవాడు, ఆస్తి కర్మెలులో. 3,000 గొర్రెలు, 1,000 మేకలు. గొర్రెల బొచ్చు కత్తిరించే కాలం, అంటే పండగ లాంటి రోజులు. అరణ్యంలో అతని కాపరులకు అండగా నిలిచిన దావీదు మనుషులను పంపి, మీకు తోచింది ఇవ్వమని మర్యాదగా అడిగాడు. దావీదెవడు, యజమానుల దగ్గర నుంచి పారిపోయే దాసులు ఈ రోజుల్లో చాలామంది ఉన్నారని నాబాలు తిట్టి పంపాడు. ఒక్క నోటి దురుసుకు దావీదు, అతని మనుషులు 400 మంది కత్తులు కట్టుకుని నాబాలు ఇంటి మీదికి బయలుదేరారు.

తర్వాత జరిగింది నిదానంగా చదవండి. ఆ ఇంటి పనివాడొకడు సంగతంతా వచ్చి చెప్పింది అబీగయీలుకు. యజమాని ఎంత పనికిమాలినవాడంటే అతనితో ఎవరూ మాట్లాడలేరు అని ఆమె ముఖం మీదే అన్నాడు. ఆమె భర్తను ఆమె ఎదుటే అంత మాట అనడానికి ఆ పనివాడికి ధైర్యం ఎక్కడిది? ఈ అమ్మ వింటుంది, మన మీద విరుచుకుపడదు అన్న నమ్మకం అతనికి అంతకుముందే ఉండి ఉండాలి. ఆ నమ్మకం ఒక్క పూటలో కుదిరేది కాదు. మామూలు రోజుల్లో, ఎవరూ రాసి పెట్టని మాటల్లో కుదిరింది. ఆ రోజు ఆ ఇల్లు బతికింది దానివల్లే.

ఆమె 200 రొట్టెలు, రెండు తిత్తుల ద్రాక్షారసం, వండిన ఐదు గొర్రెల మాంసం, వేయించిన ధాన్యం, ఎండుద్రాక్ష గెలలు 100, అంజూరపు అడలు 200 గాడిదల మీద ఎక్కించి ఎదురు వెళ్ళింది. చేతులు చేయాల్సిన పని చేతులు చేశాయి. ఆ తర్వాత మాట్లాడింది. తప్పు తన మీద వేసుకుంది, భర్త మూర్ఖత్వాన్ని దాచలేదు, దావీదును పొగిడి ఊరుకోలేదు. రేపు నువ్వు రాజువయ్యాక ఈ రక్తపాతం నీ మనసును పొడవకూడదు అని చెప్పింది. దావీదు ఆగిపోయాడు. ఆమె వివేకాన్ని మెచ్చుకుని, తాను పాపం చేయకుండా ఆపింది ఆమేనని ఒప్పుకున్నాడు.

నన్ను మరీ ఆపేసేది ఆ తర్వాతి సంగతి. ఇంటికి వచ్చేసరికి నాబాలు రాజుల విందు లాంటి విందు చేసి తప్పతాగి ఉన్నాడు. ప్రాణాలకు తెగించి వచ్చిన మనిషి ఆ క్షణంలో ఏమన్నా న్యాయమే. కానీ ఆమె ఒక్క మాట కూడా అనలేదు. తెల్లవారి, అతని మత్తు దిగాక, జరిగింది జరిగినట్టు చెప్పింది. దయగల నాలుకకు ఏం మాట్లాడాలో తెలిస్తే చాలదు, ఏ పూట మాట్లాడాలో కూడా తెలియాలి. తాగి వచ్చిన భర్తతో అర్ధరాత్రి వాదన, పరీక్ష హాలుకు బయలుదేరే పిల్లవాడికి గడప దగ్గర హితబోధ, అన్నం ముందు కూర్చున్న అత్తగారితో పాత లెక్కలు. వీటిలో మాట నిజమే అయి ఉండొచ్చు. పూట మాత్రం తప్పు.

ఇక మన ఇళ్ళు. ఆదివారం గుడిలో ‘వందనాలు అక్కా’, ‘వందనాలు అమ్మగారూ’ అంటూ చేతులు జోడించే నోరే సోమవారం పొద్దున స్కూలు బస్సు హారన్ మోగేసరికి ‘అచ్చం మీ నాన్న పోలికే’ అంటుంది. పిల్లవాడిని అన్నట్టు అని భర్తను తిట్టే నేర్పు మనకు బాగా వచ్చు. పక్కింటి అమ్మాయికి వచ్చిన మార్కులు మన పిల్ల చెవిలో పోయకుండా ఉండలేం. పనమ్మాయి ఆలస్యంగా వస్తే కారణం అడిగే ముందే తీర్పు చెప్పేస్తాం. మూడు తరాలుగా బైబిలు చదివే ఇళ్ళలో కూడా ‘నా ఖర్మ’ అన్న మాట రోజూ వినబడుతుంది. అది ఎక్కడి సిద్ధాంతమో ఎవరూ అడగరు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది కుటుంబ ప్రార్థనలో జరుగుతుంది. అందరూ కళ్ళు మూసుకున్నాక ‘ప్రభువా, ఈ పిల్లవాడికి ఫోను పిచ్చి వదిలించు’, ‘ఈయనకు ఇంటి బాధ్యత నేర్పు’ అని గట్టిగా మొదలుపెడతాం. చెప్పేది దేవునికి, వినాల్సింది పక్కనున్న మనిషి. ఎదురు చెప్పడానికి వీల్లేని చోట వేసిన దెబ్బ అది. పిల్లలు పెద్దయ్యాక కుటుంబ ప్రార్థన అంటే ఎందుకు తప్పించుకుంటారో ఆలోచిస్తే ఇదీ ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. 26వ వచనాన్ని ఆడవాళ్ళ నోరు మూయించడానికి వాడేవాళ్ళున్నారు. ‘గుణవతి ఎదురు మాట్లాడదమ్మా, ఓర్చుకో’ అని దెబ్బలు తిని వచ్చిన అమ్మాయిని తిరిగి అదే ఇంటికి పంపేవాళ్ళున్నారు. ఆ వచనంలో ఆమె నోరు మూసుకోలేదు, తెరిచింది. అబీగయీలు భర్త చేసింది తప్పని చెప్పింది, అతనికి చెప్పకుండానే ఇంటిని కాపాడింది, లేఖనం ఆమెను తప్పు పట్టలేదు. మూగవాళ్ళ పక్షాన మాట్లాడమన్న తల్లి మాట ఉన్న అధ్యాయంతోనే దెబ్బలు తిన్నదాన్ని మూగదాన్ని చేయడం వాక్యానికి చేసే అన్యాయం. అలాంటి ఇంట్లో ఉన్న చెల్లెలు నోరు తెరిచి నమ్మకమైన వాళ్ళకు చెప్పాలి, సహాయం అడగాలి. అదీ జ్ఞానమే.

చేతులు ఇంట్లో లేని తల్లులు కూడా మనలో ఉన్నారు. కడప వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎందరో ఆడవాళ్ళు కువైట్‌లో ఎవరి ఇళ్ళలోనో పనికి కుదిరి, తమ పిల్లలను అమ్మమ్మల దగ్గర వదిలి వెళ్ళారు. వాళ్ళు వండిపెట్టలేరు, జడ వేయలేరు, జ్వరం వస్తే నుదుటి మీద చేయి వేయలేరు. వాళ్ళు ఇంట్లో ఉండేది వీడియో కాల్‌లో వినబడే గొంతుగానే. పంపిన డబ్బు ఏం చేశారు, ఫీజు కట్టారా లేదా అన్న లెక్కలతోనే ఆ కాసేపు అయిపోతుంది చాలాసార్లు. అమ్మా, నీ నోరే ఇప్పుడు నీ ఇల్లు. లెక్కలు అడుగు, అడగాల్సిందే. ఫోను పెట్టేసే ముందు ఒక కీర్తన చదివి, పిల్లల పేరు పెట్టి ప్రార్థించు. తిమోతి ఇంటిని చూడండి. అతని తండ్రి గ్రీసు దేశస్థుడు. ఆ ఇంట్లో పిల్లవాడికి పసితనం నుంచి లేఖనాలు తెలిశాయంటే, అతనికి ముందు అవ్వ లోయిలోను, తల్లి యునీకేలోను విశ్వాసం ఉందని పౌలు గుర్తు చేసుకున్నాడంటే, ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఇంట్లో నోరు తెరిచి చెప్పి ఉండబట్టే అనుకుంటాను.

మరి నాలుకను మార్చుకోవడం ఎలా? పళ్ళ బిగువున ఆపుకుంటే రెండు రోజులు ఆగుతుంది, మూడో రోజు వడ్డీతో సహా బయటపడుతుంది. హృదయంలో నిండి ఉన్నదే నోటికి వస్తుందని యేసు ప్రభువు లూకా 6:45లో చెప్పారు. సామెతల పద్యం కూడా 30వ వచనంలో అందాన్నీ ఆకర్షణనూ పక్కన పెట్టి, యెహోవా యందు భయభక్తులు గల స్త్రీనే మెచ్చుకుంటుంది. అలసిన మనిషి నోటికి కోపం ముందొస్తుంది. కాబట్టి ఆ అలసటను ముందు ప్రభువు దగ్గర చెప్పుకోవాలి. గ్యాస్ పొయ్యి ముందు నిలబడి చేసే రెండు నిమిషాల ప్రార్థన కూడా ప్రార్థనే. నా నోటికి కావలి పెట్టమని దావీదు 141వ కీర్తనలో వేడుకున్నాడు. పొద్దున పిల్లలను లేపడానికి వెళ్ళే ముందు అడగాల్సింది అదే. మాట జారిపోతే, పిల్లల ముందైనా సరే, తప్పైపోయిందని ఒప్పుకోవాలి. తల్లి క్షమాపణ అడిగితే చులకన అవుతుందన్న భయం మన పెంపకాల్లో ఉంది. క్షమాపణ అడిగే తల్లి దగ్గరికే పిల్లలు కష్టమొచ్చినప్పుడు వస్తారు, ఆ పనివాడు అబీగయీలు దగ్గరికి వచ్చినట్టు.

భర్తలకు ఒక మాట. 28, 29 వచనాల్లో ఆ ఇంటాయన కూడా నోరు తెరిచాడు, భార్యను మెచ్చుకోవడానికి. ఆమె నాలుకకు దయ నేర్పాలనుకునేవాళ్ళు ముందు ఆ రెండు వచనాలు ఆచరణలో పెట్టండి.

అక్కలారా, చెల్లెళ్ళారా, ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఇంట్లోవాళ్ళ పేర్లు ఎత్తినప్పుడు ఎవరి లోపమూ దేవునికి చెప్పకండి. ఒక్కొక్కరి వల్ల మీకు కలిగిన మేలు ఒక్కటి, వాళ్ళకు వినబడేలా చెప్పి, దానికి స్తోత్రం చెల్లించండి.