బాధను నమ్ముట

ఆపత్కాలములో నమ్మదగనివానిని ఆశ్రయించుటను సామెతల గ్రంథకర్త విరిగిన పంటితో పోల్చియున్నాడు (సామె. 25:19). పంటిపోటు ఎరిగినవానికి ఆ పోలికను వివరింప నక్కరలేదు. ఆధారపడవలసిన చోటనే అది పోటు పొడుచును. అయితే విరిగిన పంటిని బాగుచేయవలసిన వైద్యుడే నమ్మదగనివాడైనయెడల రోగి ఎవరిని ఆశ్రయించును? ఈ ప్రశ్న దంతవైద్యశాలతో ముగియునది కాదు. బాధపడు పొరుగువాని మాటను నమ్ముట దయగలవారు ఇష్టపడి చేయు ఉపకారమా, లేక ప్రతి మనుష్యుడు చెల్లింపవలసిన ఋణమా అను విచారణ ఇందులో ఇమిడియున్నది.

ఒక ఉపాధ్యాయురాలి సంగతి చూడుడు. క్రింది దవడపన్ను పుచ్చి, చీముపట్టి, చెంప వాచి, మూడు రాత్రులు నిద్రలేక ఆమె దంతవైద్యుని యొద్దకు వెళ్లెను. ఆయన పనిలో నేర్పరి. చిగురు మొద్దుబారుటకు సూదిమందు ఇచ్చి, కొన్ని నిమిషములు ఆగి, పటకారు చేతబట్టెను. ఆమె ఉలికిపడి, “డాక్టరుగారూ, నొప్పి తెలుస్తూనే ఉందండీ” అనెను. “మత్తు ఇచ్చాను కదమ్మా, నొప్పి ఉండదు. అదంతా మీ భయం” అని ఆయన ప్రత్యుత్తరము. ఆమె మరల మూలుగగా, “పిల్లలకు పాఠాలు చెప్పేవారు, మీరే ఇలా ఏడిస్తే ఎలా?” అనెను. తలుపు అవతల కూర్చున్నవారు నవ్విరి. పన్ను వేరుతోసహా ఊడివచ్చెను, పుండు మానెను. అయినను ఆ తరువాత మరియొక పన్ను పుచ్చినప్పుడు ఆమె ఏ వైద్యుని గడపయు త్రొక్కలేదు. లవంగనూనె అద్దుకొనుచు నెలలు గడిపెను. ఆమెను భయపెట్టినది పటకారు కాదు. ఉన్న నొప్పిని లేదనిపించుకొన్న అవమానము.

ఆమె అబద్ధమాడెనా? వైద్యశాస్త్రమే ఆమె పక్షమున సాక్ష్యమిచ్చుచున్నది. చీముపట్టి వాచిన భాగములో ఆమ్లగుణము హెచ్చును. అట్టిచోట లిగ్నోకైను వంటి మందు నరములోనికి చక్కగా ప్రవేశింపజాలదు. క్రింది దవడ నరము పోవు మార్గమును అందరిలో ఒకేరీతిగా ఉండదు గనుక సూది గురి తప్పుటయు కలదు. మరికొన్నిసార్లు నొప్పి అణగినను ఒత్తిడి తెలియుచు రోగిని కలవరపెట్టును. ఈ మూడింటిలో ఏది జరుగుచున్నదో తెలిసికొనుటకు రోగిని అడుగుటకంటె సులువైన మార్గము లేదు. నొప్పిని గూర్చి పరిశోధించు అంతర్జాతీయ సంఘము 1979లో తాను ప్రకటించిన నిర్వచనమును 2020లో సవరించినప్పుడు, నొప్పియున్నదని ఒకడు చెప్పిన మాటను గౌరవింపవలెనని స్పష్టముగా చేర్చెను.

ఇందులో ఒక విపరీతము కలదు. నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేయు మార్గమును లోకమునకు చూపినవారిలో దంతవైద్యులే ముఖ్యులు. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణపు దంతవైద్యుడు హొరేస్ వెల్స్ 1844 డిసెంబరు 11న నైట్రస్ ఆక్సైడు పీల్చి, మొదట తన పన్నునే తీయించుకొనెను. 1845లో బోస్టనులో ఆయన దానిని పదిమంది యెదుట చూపబోగా రోగి కేకవేసెను. చూచువారు మోసమని ఎగతాళి చేసిరి. 1846 అక్టోబరు 16న మరియొక దంతవైద్యుడు విలియం మోర్టన్ అదే నగరములో ఈథరును ప్రయోగించి జయము పొందెను. ఆనాటి జనులు కేకను నమ్మి మందును త్రోసివేసిరి. నేటి కఠిన వైద్యుడు మందును నమ్మి కేకను త్రోసివేయుచున్నాడు. బాధ తీర్చుటకు పుట్టిన మందే బాధపడువానికి విరోధమైన సాక్షిగా నిలువబడుచున్నది.

వైద్యుడు ప్రతి మూలుగునకు కరగిపోయినయెడల చేయి వణకదా అని అడుగువారు కలరు. ముప్పదిమంది బయట కాచుకొనియుండగా పని సాగవలెను గదా అనువారును కలరు. ఈ మాటలలో సత్యము లేకపోలేదు. అయితే కనికరము చేతిని వణకించునని ఎవరు చెప్పిరి? మంచి సమరయుని కథలో కనికరపడెను అని తెనిగింపబడిన గ్రీకు క్రియ పేగులను సూచించు మాటనుండి పుట్టినది. కడుపులో కదలిక అని దాని భావము. ఆ కదలిక కలిగినవాడే గాయములు కట్టెను. ఆయన పోసిన ద్రాక్షారసము గాయమును మండించియే యుండును. కనికరము బాధ కలిగింపనే కలిగింపదని కాదు; తాను కలిగించు బాధను లేదని బొంకదు.

మార్కు సువార్త ఐదవ అధ్యాయములోని స్త్రీ అనేక వైద్యులచేత ఎన్నో తిప్పలు పడి, ఆస్తి అంతయు వ్యయపరచి, మరింత క్షీణించినది. యాయీరు కుమార్తె చావనైయున్నను ప్రభువు త్రోవలో ఆగెను. స్వస్థత అప్పటికే జరిగినది. ఇక ఆగవలసిన పని ఏమి? ఆమె తన సంగతియంతయు చెప్పుకొనవలసియుండెను, ఆయన వినవలసియుండెను. ఆమెకు కలిగిన స్వస్థతలో ఆ వినుటయు ఒక భాగమే.

దంతవైద్యుని నిందించుట సులభము. అదే కుర్చీ ప్రక్కన సంఘమును నిలుచుచున్నది. బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో, పునరుత్థాన నిరీక్షణ ఉండగా ఏడ్పేల అనుట, మత్తు ఇచ్చాను కదమ్మా అనుటకు వేరుగాదు. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా కూర్చున్నంతకాలము ఓదార్చువారే. తమ సిద్ధాంతమును కాపాడుకొనుటకు యోబు మాటను కాదన్నప్పుడు హింసించువారైరి. క్రీస్తు సిలువయొద్ద బోళము కలిపిన ద్రాక్షారసమును పుచ్చుకొనలేదనుట నిజమే. అది ఆయన తనకొరకు చేసికొన్న నిర్ణయము. ఇతరుల నోటియొద్దనుండి గిన్నెను లాగివేయుటకు అది ఎవనికిని అధికారమియ్యదు. నిరీక్షణ సత్యమే, అయితే నొప్పి తగులుచున్నదని చెప్పువాని నోరు మూయుటకు అది ఇయ్యబడలేదు.

మంచి దంతవైద్యులు పాటించు పద్ధతి యొకటి కలదు. పని ఆరంభింపకమునుపే రోగితో, “నొప్పి అనిపిస్తే ఎడమచెయ్యి ఎత్తండి, ఆపేస్తాను” అని చెప్పుదురు. చెయ్యి లేచినప్పుడు నిజముగా ఆపుదురు. అవసరమైనచో మరల మందిచ్చి కాచుకొందురు. ఆ విధమున జారిపోవునవి కొద్ది నిమిషములు మాత్రమే. నోరు తెరచి మాటాడలేని స్థితిలోనున్న మనుష్యునికి ఆ యెత్తిన చెయ్యియే మాట. దానిని చూచి ఆగుటకు సిద్ధపడినవాడే పొరుగువాని గాయముమీద చెయ్యి వేయ తగినవాడు.