చెట్టు కొట్టిన పాపం ఎవరిది?

 

చౌటుప్పల్‌లో రోడ్డు పక్కన సీతాఫలాలు అమ్ముకునే ఒక పెద్దమ్మ ఆ మధ్య నన్నొక మాట అడిగింది. "బిడ్డా, ఈడ చింతచెట్టు ఉండె. రోడ్డు పెద్దగ చేస్తమని కొట్టేసిన్రు. గా పాపం ఎవ్వలకు తగులుతది? రంపం పట్టినోనికా, పట్టుమన్నోనికా?" చెట్ల గురించి సభల్లో గంటల కొద్దీ మాట్లాడే నాకు జవాబు దొరకలేదు.

రంపం పట్టిన కూలీ పొట్టకూటి కోసమంటాడు. కాంట్రాక్టరు ఆర్డరు చూపిస్తాడు. అధికారి, ప్రజలే రోడ్డు అడిగారంటాడు. ఆ రోడ్డు మీద హైదరాబాద్‌కు పోయొచ్చే మనం, మేమేం కొట్టినమంటాం. అందరి చేతులూ శుభ్రమే. చెట్టు మాత్రం లేదు.

బుద్ధుని కాలంలో ఆళవిలో కొందరు భిక్షువులు కట్టడాల కోసం చెట్లు నరికారు. జనం తప్పు పట్టారు. అప్పుడు భగవానుడు భిక్షువులకు ఒక నియమం పెట్టాడు. అందులో నరకడమే కాదు, నరికించడం కూడా దోషమే. అయితే తెలియక చేసినవానికి దోషం లేదు. ఎందుకంటే ధమ్మంలో కర్మ అంటే చేతన, అంటే మనసులోని ఉద్దేశం.

గృహస్థులమైన మనకు ఆ నియమం వర్తించకపోవచ్చు. కానీ అది నేర్పే ఎరుక మనకూ కావాలి. 'తెలియదు' అనే మాట తెలిసేదాకే చెల్లుతుంది.

ఇప్పుడు మనకు తెలియనిది ఏముంది? చెట్టు పోతే నీడ పోతుంది. ఆకు రాలక మట్టి గట్టిపడుతుంది. వాన నీళ్ళు ఇంకకుండా మట్టిని కూడా తీసుకొని పారిపోతాయి. బాయి ఎండుతుంది, బోరు లోతుకు పోతుంది. మన నల్గొండ రాళ్ళలో ఫ్లోరైడ్ ఉంది. అది చెట్టు తెచ్చింది కాదు. కానీ పైనీళ్ళు లేక లోతు నీళ్ళే తాగితే ఏమవుతుందో మర్రిగూడ దిక్కు వంకర్లు పోయిన కాళ్ళు చెబుతాయి. ఒకటి కారణమై ఇంకొకటి పుట్టడమంటే ఇదే.

"అయితే రోడ్లు వద్దా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చేవెళ్ల రోడ్డు మీద సుమారు 900 మర్రిచెట్ల కోసం ఏళ్ల తరబడి కొట్లాట నడిచింది. 2025 నవంబర్‌లో అదే రోడ్డు మీద టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని చాలామంది చనిపోయారు. చెట్లు కాపాడినవాళ్ళ మీద నింద పడింది. ఆ దుఃఖాన్ని చిన్నది చేయకూడదు. కానీ మనిషా, చెట్టా అని ఒకదాన్నే ఎంచుకోమనడం మోహం, అంటే సరిగ్గా చూడకపోవడం. ఎక్కువ మర్రులను ఉన్నచోటే ఉంచి రోడ్డు వెడల్పు చేసేటట్టు ప్లాను మార్చవచ్చని అక్కడే తేలింది. మొదటి రోజే ఆ ఆలోచన చేసి ఉంటే ఆలస్యమే ఉండకపోయేది. ఇక మన రోడ్డు వెడల్పయింది, చెట్లూ పోయాయి. దాన్ని దాటబోయి చనిపోయేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద అశోకుని శాసనం ఉంది. మనుషులకూ పశువులకూ పనికొచ్చేటట్టు దారుల వెంట బావులు తవ్వించానని, చెట్లు నాటించానని అందులో చెప్పుకున్నాడు. రోడ్డూ చెట్టూ ఆయనకు ఒకే పనిలో భాగం.

మిత్రులారా, వాల్టా చట్టం 2002 నుంచి ఉంది. చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. మీ ఊళ్ళో రంపం చప్పుడు వినబడితే పోయి ఆ కాగితం అడగండి. కూలీతో కొట్లాడకండి, పట్టుమన్నవాళ్ళను అడగండి. ఒక మొక్క నాటితే ఫొటోతో ఆపకండి, మూడు ఎండాకాలాలు నీళ్ళు పోయండి.

పెద్దమ్మకు ఇప్పుడు ఇట్లా చెబుతాను. "అమ్మా, అది ఒక్కని పాపం కాదు. పట్టినోనికి కొంత, పట్టుమన్నోనికి ఎక్కువ. తెలిసీ చూసుకుంట పోయిన నాకూ కొంత. నావంతు తీర్చుకునే పని ఈ వానాకాలం నుంచే మొదలుపెడుతున్న. నీ గంప పక్కనే."

భవతు సబ్బ మంగళం.