నొప్పిని దాచుకొనుట భక్తియా?



మన సంఘములలో వృద్ధురాండ్రు అనేకులు నడుము నొప్పిని ఎవరికిని చెప్పక దాచుకొనుచున్నారు. అడిగినయెడల, ఇది ప్రభువు నాకిచ్చిన సిలువ, మోయవలసినదే అందురు. మనము వారి ఓర్పును మెచ్చుకొని ఇంటికి పోవుదుము. ఇది భక్తియేనా?

లూకా సువార్త 13వ అధ్యాయములో పదునెనిమిది సంవత్సరములు నడుము వంగిపోయి, చక్కగా నిలువలేకపోయిన స్త్రీని చూడుడి. యేసు ఆమెకు ఓర్పును బోధింపలేదు. ఆమెను పిలిచి, ఆమెమీద చేతులుంచి స్వస్థపరచెను. మరియొక దినమున రండని చెప్పినవాడు సమాజమందిరపు అధికారియే. విశ్రాంతిదినమున పశువును విప్పి నీళ్లకు తోలుకొనిపోవువారు ఈమె విడుదలకు అడ్డుపడుట న్యాయమా అని ప్రభువు వారిని సిగ్గుపరచెను. మన ఎద్దు కుంటుచున్నయెడల ఆ సాయంకాలమే పశువుల డాక్టరుకు కబురంపుదుము. అమ్మకు నడుము పట్టినయెడల, వయసు మీరినది గదా అందుము.

అయితే యేసు సిలువయొద్ద బోళము కలిపిన ద్రాక్షారసమును పుచ్చుకొనలేదు గదా అని ఒకరు అడుగవచ్చును. నిజమే. తన పనిని నెరవేర్చుచు ఆయన తన విషయములో దానిని నిరాకరించెను. కాని తనయొద్దకు వచ్చిన రోగులలో ఎవరికిని నొప్పితోనే యుండుమని చెప్పినట్లు సువార్తలలో లేదు. ఒకడు తనకై కోరుకొను ఓర్పు వేరు. ఇతరులమీద మనము మోపు ఓర్పు వేరు.

ఈ నొప్పికి తరచుగా ఒక కారణముండును. ముట్లుడిగిన తరువాత స్త్రీల ఎముకలు వేగముగా బోలుపడును. వైద్యులు దీనిని ఆస్టియోపొరోసిస్ అందురు. అట్టి వెన్నుపూస నీళ్ల బిందె ఎత్తినను, గట్టిగా దగ్గినను నలిగిపోవచ్చును. అప్పుడు మనిషి పొట్టియగును, వీపు గూనియగును. అయినను చాలమందికి ఆపరేషను లేకయే 6 మొదలు 12 వారములలో నొప్పి తగ్గును. నలిగిన పూసలో సిమెంటు ఎక్కించు పద్ధతి యొకటి కలదు. 2009లో ప్రకటింపబడిన రెండు పరిశోధనలలో, ఎక్కించినట్లు నటించి విడిచిన రోగులకంటె నిజముగా ఎక్కించుకొనినవారికి నొప్పి ఎక్కువగా తగ్గలేదు. కనుక ఆపరేషనుకు డబ్బు లేదని నిరాశపడకుడి.

మొదటి కొద్ది దినములు విశ్రాంతి చాలును. వారములతరబడి మంచము పట్టినయెడల ఎముకయు కండయు ఇంకను క్షీణించును. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ పుచ్చుకొనుట అవిశ్వాసము కాదు. దుకాణములో అడిగి కొనిన ఘాటైన నొప్పి బిళ్లలు రోజులతరబడి మ్రింగినయెడల కడుపునకును మూత్రపిండములకును హాని. రాగిజావ, పాలు, కొంత ఎండ, డాక్టరు నేర్పిన తేలిక వ్యాయామము మేలు చేయును. మరియొక పూస విరుగకుండ ఎముకకు బలమిచ్చు మందులును కలవు, అడిగి తెలిసికొనుడి. కాళ్లు చచ్చుబడినను, మూత్రము బిగిసినను, నొప్పితో జ్వరము వచ్చినను ఆ దినమే ఆస్పత్రికి పోవలెను.

ముందుకు వంగవద్దు, బరువెత్తవద్దు అని డాక్టరు ఆమెకు చెప్పును. మరి బిందె ఎవరు మోయవలెను? వాకిలి ఎవరు ఊడ్వవలెను? కోడలు ఒక్కతెయేనా? కుమారులకు, మనుమలకు, పొరుగువారికి చేతులు లేవా? ఒకరి భారము ఒకరు మోయవలెనని గలతీయులకు పౌలు వ్రాసినది ఇట్టి బిందెలను గూర్చియు కాదా? ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, వెనుక వరుసలో వంగి నడచు తల్లిని, అమ్మా, నొప్పి ఎక్కడ అని అడుగుడి. ఆమె చెప్పువరకు ఆగుడి. తరువాత ఆమె బిందెను మీరే ఎత్తుడి.