పాట బాకీ

జానపదుల పాటను తీసుకొని, కొత్త వాయిద్యాలు చేర్చి, రికార్డు చేసి అమ్మే హక్కు ఎవరికైనా వున్నదా? వుంటే ఆ హక్కు వెంట వచ్చే బాధ్యత ఏమిటి? ఇది సంగీత విద్వాంసులు తేల్చవలసిన ప్రశ్న అని మనం చాలాకాలంగా తప్పించుకుంటున్నాం. నిజానికిది నీతికి సంబంధించిన ప్రశ్న.

విశాఖపట్నంలో మా కళాశాలలో చదివి వెళ్ళిన అయిదుగురు యువకులు ఒక రాక్ బృందంగా ఏర్పడి, ఇటీవల తమ తొలి ఆల్బమ్ పూర్తి చేశారు. ఒకరి తండ్రి రేవులో కళాసీ; మరొకరి తండ్రి ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడు. పాటలను ఇంటర్నెట్టులో విడుదల చేసే కంపెనీకి పంపవలసిన ఫారం ఒకటి వున్నది. అందులో అక్షరదోషాలు దిద్దిపెట్టమని నా దగ్గరకు తెచ్చారు. 'రచన' అన్న గడిలో రెండు పాటలకు 'సంప్రదాయం' అని రాసి వున్నది.

మొదటిది 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ'. అది సంప్రదాయం కాదు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టి, విశాఖ షిప్‌యార్డులో పనిచేసి, జననాట్యమండలి వ్యవస్థాపకుల్లో ఒకడైన వంగపండు ప్రసాదరావు శ్రీకాకుళ రైతాంగ పోరాటంపై కట్టిన పాట అది. ఆయన 2020లో మరణించాడు. పట్టుమని పదేళ్ళు కాకముందే, ఆయన పనిచేసిన ఊళ్ళోనే, ఆయన పాట అనామకమయింది.

కుర్రవాళ్ళకు దురుద్దేశం లేదు. చిన్నతనం నుంచి పదిమంది నోట విన్నారు. అందరూ పాడేది కాబట్టి ఎవరిదీ కాదనుకున్నారు. ఆలోచించవలసింది ఇక్కడే. ప్రజల్లో కలిసిపోవడమే ప్రజాకవికి పరమార్థమని మనమే చెబుతూ వచ్చాం. పాట కలిసిపోయిన తరువాత కవిని మరిచిపోవడం కూడా ఆ పరమార్థంలో భాగమేనా? తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన 'బండెనక బండి కట్టి' 1979లో 'మా భూమి' చిత్రంలో గద్దర్ గొంతుతో తెలుగుదేశమంతా మారుమోగింది. పాట తెలిసినవారిలో ఎందరికి యాదగిరి పేరు తెలుసు? జమీందారు ఆస్థానకవి పేరు ప్రతి ఆశ్వాసం చివరా నిలుస్తుంది. కార్యకర్త పేరు జానపదం అనే సముద్రంలో మునుగుతుంది. దీన్ని వినయమని పొగడటం సులభం. వర్గ సమాజంలో ఎవరి పేరు నిలుస్తుందో, ఎవరి పేరు చెరుగుతుందో చూస్తే, ఇది వినయం మాత్రమే కాదని తేలుతుంది.

గిటారు చేరడంతోనే పాట చెడిపోయిందనేవారితో నాకు ఏకీభావం లేదు. హార్మోనియం మన మట్టిలో మొలిచిందా? క్లారినెట్టు మన వెదురు పొదల్లో కాసిందా? 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను చేతబట్టి కొత్త వస్తువు నింపింది. షేక్ నాజర్ చేతిలో ఆ కళ కొత్త ప్రాణం పోసుకున్నది. ఆనాడూ సంప్రదాయం చెడిందన్నవారు వుండే వుంటారు. రేవుపట్నంలో వుంటూ, దాటివచ్చిన వాయిద్యాన్ని వెలివేయడం అర్థం లేని పని.

ఈ కుర్రవాళ్ళు తమ సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. మన సంఘం పేరులోని మాటే అది. వారి దృష్టిలో అభ్యుదయం అంటే దీర్ఘమైన పాట, మధ్యలో మారే తాళం, పల్లవి చరణాల చట్రాన్ని దాటిన నిర్మాణం. అది రూపంలో అభ్యుదయం. కాని పాటకూ దాని మూలానికీ మధ్య వున్న సంబంధం పాతదిగానే వుంటే, ఆ అభ్యుదయం సగమే. 1939లో జొహానెస్‌బర్గులో సాలమన్ లిండా అనే జూలూ గాయకుడు 'ఎంబూబే' అనే పాట రికార్డు చేశాడు. హక్కులకు ముట్టినది పది షిల్లింగులు. ఆ బాణీ అమెరికా చేరి కోట్లు గడించింది. లిండా 1962లో పేదరికంలో చనిపోయాడు. వారసులకు పరిష్కారం దొరికింది 2006లో. ఆ పాటను వాడుకున్నవారిలో కొందరు దాన్ని జానపదమనే అనుకున్నారు. అనుకోవడం వారికి ఖర్చులేని పని.

అయితే ప్రజల పాటకు కాపలా ఏమిటని అడగవచ్చు. ఊరి చెరువులో ఎవరైనా కడవ ముంచుకోవచ్చు, పశువులు తాగవచ్చు. అందులో మోటారు దించి నీళ్ళమ్ముకునేవాణ్ణి మాత్రం ఊరు నిలదీస్తుంది. సభలో వంగపండు పాట పాడేవాడు కడవ ముంచుకున్నవాడు. ఆల్బమ్ అమ్మేవాడు, ఎంత పేదవాడైనా, మోటారు దించినవాడే. పాట మీద ధర పడ్డ క్షణం నుంచి బాకీ మొదలవుతుంది.

వంగపండు విషయంలో ఆ బాకీకి చట్టం వున్నది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణానంతరం అరవై ఏళ్ళు, అంటే 2080 చివరిదాకా, ఆ హక్కు నిలుస్తుంది. కుర్రవాళ్ళు గడిలో ఆయన పేరు రాశారు. అనుమతి కోసం ఆయన కుటుంబానికి ఉత్తరం పెట్టారు.

రెండో పాటకు చట్టం లేదు. అది విజయనగరం వైపు పల్లెలో ఉభాలప్పుడు ఆడవాళ్ళు పాడే పాట. బృందంలోని గాయకుడు తన అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాడు. ఆమె పేరు రాయమన్నాను. అతను వెళ్ళి అడిగితే ఆమె నవ్విందట. "నా పేరెట్టడమేటిరా నాయినా? మాయమ్మ పాడితే నాను నేర్సుకున్నాను. మడిలో దిగినోలందరిదీ ఆ పాట" అన్నదట.

నేను చెప్పిన సలహా తప్పని అప్పుడు తెలిసింది. ఒక పేరు రాసి చేతులు దులుపుకోవడం కూడా తప్పించుకోవడమే. ఒంటి మనిషిని యజమానిగా చూడటానికి అలవాటుపడిన ఆ గడిలో మడిలో వంగిన వరస అంతా పట్టదు. అయితే పట్టనంత మాత్రాన బాకీ రద్దు కాదు. ఆ ఊరి పేరు రాయవచ్చు. ఉభాల పాట అని, ఆడకూలీల పాట అని రాయవచ్చు. వచ్చే డబ్బులో వాటా ఆ వీధికి చేర్చవచ్చు. అన్నిటికన్న ముందు, పూర్తయిన పాటను వారికి వినిపించి, వద్దంటే ఆపవచ్చు. ఈ ఆఖరిది అన్నిటిలోకీ కష్టం. ఎనిమిది నెలల శ్రమ అందులో వున్నది. వద్దనే హక్కు లేనివారిని అడగడం అడగడం కాదు.

వచ్చే ఆదివారం వాళ్ళు ఆ ఊరు వెళుతున్నారు. ఫారంలో ఆ గడి ఇంకా ఖాళీగానే వున్నది.